కొండ దాటి దీవికి: ఆండీస్, గాలాపాగోస్ ఒకే కథ ఎలా అయ్యాయి?

ఇవాళ్టి ఎపిసోడ్ ఒక టూర్ ప్యాకేజీ గురించి. కంగారు పడకండి, అమ్మడానికి కాదు. దాని వెనకాల దాదాపు ఐదొందల ఏళ్ల కథ ఉంది, అది చెప్పుకుందాం.

దక్షిణ అమెరికాలో ఈక్వెడార్ అని ఒక దేశం ఉంది. మన రెండు తెలుగు రాష్ట్రాలు కలిపితే ఎంత ఉంటుందో, దాదాపు అంతే. స్పానిష్‌లో ఆ పేరుకి అర్థమే భూమధ్యరేఖ. ఆ దేశానికి వెళ్ళే టూరిస్టులు ఎక్కువగా ఒకటే ప్లాన్ వేసుకుంటారు. ముందు నాలుగైదు రోజులు ఆండీస్ కొండల్లో తిరుగుతారు. క్విటో నగరం, మంచు కప్పుకున్న అగ్నిపర్వతాలు, కొండ ఊళ్ళలో సంతలు చూస్తారు. తర్వాత విమానం ఎక్కి పసిఫిక్ సముద్రం మీద సుమారు వెయ్యి కిలోమీటర్లు వెళ్ళి గాలాపాగోస్ దీవుల్లో దిగుతారు. అక్కడ చిన్న షిప్పులో దీవి నుంచి దీవికి వెళ్తూ పెద్ద తాబేళ్లు, సీ లయన్లు, సముద్రంలో ఈదే ఇగ్వానాలు చూస్తారు. రీల్స్‌లో మీరు చూసే ఉంటారు.

ఇక్కడ ఒక చిన్న క్విజ్ పాయింట్ చెప్తాను. యునెస్కో వాళ్ళు ప్రపంచ వారసత్వ స్థలాల లిస్టు మొదలుపెట్టింది 1978లో. ఆ మొదటి ఏడాది లిస్టులో ప్రపంచం మొత్తం మీద ఉన్నవి 12 చోట్లు మాత్రమే. అందులో నంబర్ 1 గాలాపాగోస్. నంబర్ 2 క్విటో. అంటే ఈ టూర్ ప్యాకేజీ ఆ లిస్టులో మొదటి రెండు నంబర్లన్నమాట.

సరే, కొండ ఒకటి, దీవి ఒకటి. రెండూ ఒకే దేశంలో ఉన్నాయి కాబట్టి కలిపి అమ్ముతున్నారు, అంతేనా? నా ఉద్దేశంలో అంతే కాదు. ఆ దీవులు ప్రపంచానికి తెలిసింది కొండల వల్ల. వాటిని ఎలా చూడాలో మనుషులు నేర్చుకున్నది కొండ మీద. ఆ దీవుల మీద చెమటోడ్చిన వాళ్ళలో చాలామంది వచ్చింది కూడా కొండల వైపు నుంచే. ఒక్కొక్కటిగా చూద్దాం.

ముందు 1535కి వెళ్దాం. అప్పటికి స్పెయిన్ వాళ్ళు ఇంకా సామ్రాజ్యాన్ని కూల్చేసి రెండేళ్లయింది. ఆండీస్ కొండల్లో దొరికిన బంగారం, భూములు ఎవరివి అని పిసారో, అల్మాగ్రో అనే ఇద్దరు సేనానుల మధ్య పెద్ద తగాదా మొదలైంది. మన ఊళ్ళలో అన్నదమ్ముల పంపకాల్లో పెద్దమనిషిని పిలుస్తారు కదా, అలాగే ఆ తగాదా తీర్చమని స్పెయిన్ రాజు పనామా బిషప్ తోమాస్ దె బెర్లాంగాని పంపించాడు. ఆయన ఓడ పనామా నుంచి పెరూకి బయల్దేరింది. దారిలో గాలి ఆగిపోయింది. తెరచాప ఓడ కదా, గాలి లేకపోతే అది వట్టి చెక్క. సముద్ర ప్రవాహాలు దాన్ని పడమటికి లాక్కెళ్ళిపోయాయి. 1535 మార్చి 10న ఆ ఓడ ఎవరికీ తెలియని రాళ్ళ దీవుల దగ్గరికి చేరింది.

దిగితే తాగడానికి నీళ్ళు లేవు. బ్రహ్మజెముడు మట్టలు నమిలి ఆ రసంతో గొంతు తడుపుకున్నారు. దాహానికి ఇద్దరు మనుషులు, కొన్ని గుర్రాలు చనిపోయాయి. తర్వాత బిషప్ రాజుకి ఉత్తరం రాశాడు. పెద్ద తాబేళ్ల గురించి రాశాడు, మనిషి దగ్గరికొచ్చినా ఎగిరిపోవడం తెలియని పక్షుల గురించి రాశాడు, నేల మాత్రం దేనికీ పనికిరాదని తేల్చేశాడు. ఆ దీవులకి పేరు కూడా పెట్టలేదు. కొండల మీది పంపకాల గొడవకి వెళ్తూ దారి తప్పిన ఓడ ఆయనది. గాలాపాగోస్ లిఖిత చరిత్ర మొదలైంది అక్కడే.

గాలాపాగో అంటే పాత స్పానిష్‌లో తాబేలు. గుర్రం మీద వేసే ఒకరకం జీనుకి కూడా ఆ మాట వాడేవాళ్ళు. కొన్ని దీవుల తాబేళ్ల డిప్ప ముందు భాగం పైకి లేచి అచ్చం జీనులాగే ఉంటుంది. 1570లో ఓర్టీలియస్ వేసిన మ్యాప్‌లో తాబేళ్ల దీవులు అనే పేరు కనిపిస్తుంది.

తర్వాత వందేళ్లకి పైగా ఈ దీవులు దొంగల అడ్డా. ఎందుకంటే, ఆండీస్ గనుల్లో తవ్విన వెండిని స్పెయిన్ ఓడలు తీరం వెంబడి పనామాకి తీసుకెళ్ళేవి. ఆ ఓడల్ని దోచుకునే ఇంగ్లీషు సముద్రపు దొంగలకి దాక్కోవడానికి ఒక చోటు కావాలి. 1684లో విలియం డాంపియర్ అలాంటి ముఠాతోనే ఇక్కడికొచ్చాడు. దొంగతనంతో పాటు శ్రద్ధగా నోట్సు కూడా రాసుకునే రకం ఆయన. తాబేళ్ల గురించి, ఇగ్వానాల గురించి పుస్తకంలో వివరంగా రాశాడు. అంటే కొండల్లోంచి వెండి దిగకపోతే, దీవుల్లోకి దొంగలు వచ్చేవాళ్ళే కాదు.

ఇప్పుడు కొండ ఎక్కుదాం. 1736లో ఫ్రాన్స్ శాస్త్రవేత్తల బృందం క్విటో చేరింది. లా కొండమీన్, బూగె, గోడాన్ అందులో ముఖ్యులు. వాళ్ళ పని భూమి ఆకారం కొలవడం. భూమి ధ్రువాల దగ్గర నొక్కుకుపోయి నడుము దగ్గర ఉబ్బి ఉంటుందని న్యూటన్ అన్నాడు. కాదని వాదించేవాళ్ళు ఫ్రాన్స్‌లో చాలామంది. తేల్చాలంటే భూమధ్యరేఖ దగ్గర నేలని కొలవాలి. ఆండీస్ చలిలో, కొండల మధ్య ఏళ్ల తరబడి కొలిచారు. చివరికి న్యూటన్ చెప్పిందే కరెక్ట్ అని తేలింది. ఆ నడుము ఉబ్బు వల్లే ఒక తమాషా ఉంది. ఈక్వెడార్‌లోని చింబొరాజో ఎత్తు 6,263 మీటర్లు, ఎవరెస్ట్ కంటే చాలా తక్కువ. కానీ కొలత సముద్ర మట్టం నుంచి కాకుండా భూమి కేంద్రం నుంచి తీసుకుంటే, అన్నిటికంటే దూరంగా ఉన్న శిఖరం చింబొరాజోదే.

ఈ చింబొరాజోయే మన కథలో అసలు హీరో. 1802 జూన్ 23న నలుగురు దాన్ని ఎక్కడానికి ప్రయత్నించారు. జర్మన్ శాస్త్రవేత్త అలెగ్జాండర్ హంబోల్ట్, ఫ్రెంచ్ వృక్ష శాస్త్రవేత్త ఎమే బోన్‌ప్లాన్, క్విటో కుర్రాడు కార్లోస్ మోంతూఫార్, నాలుగో వ్యక్తి వాళ్ళ సహాయకుడు. చలికి చేతులు మొద్దుబారాయి, గాలి చాలక చిగుళ్ళలోంచి రక్తం కారింది. అయినా హంబోల్ట్ బారోమీటర్ తీసి కొలుస్తూనే ఉన్నాడు. ఒక పెద్ద పగులు అడ్డం రావడంతో వెనక్కి తిరిగారు. శిఖరం చేరలేదు. కానీ ఆయన లెక్క ప్రకారం 5,800 మీటర్లు దాటారు. అప్పటికి కొలతలతో సహా అంత ఎత్తుకి వెళ్ళినట్టు రాసినవాళ్ళు ఇంకొకరు లేరు.

రికార్డు సంగతి పక్కన పెట్టండి. అంతకంటే పెద్ద విషయం ఆ కొండని హంబోల్ట్ చూసిన పద్ధతి. మన అరకు ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు గమనించారా? కింద కొబ్బరి, మామిడి, జీడిమామిడి. పైకెళ్ళే కొద్దీ చెట్లు మారిపోతాయి. పైన మిరియాల తీగలు, కాఫీ తోటలు. ఎత్తు మారితే చలి మారుతుంది, చలి మారితే ఏ మొక్క బతకాలో మారుతుంది. చింబొరాజో మీద ఇదే విషయం చాలా పెద్ద స్కేల్‌లో ఉంటుంది. కింద వేడి అడవి, పైన శాశ్వతమైన మంచు. హంబోల్ట్ ఆ కొండని నిలువుగా కోసినట్టు ఒక బొమ్మ వేయించాడు. ఏ ఎత్తులో ఏ మొక్క ఉందో ఆ బొమ్మలోనే పేర్లు రాయించాడు. పక్కన ఉష్ణోగ్రత, గాలి ఒత్తిడి పట్టికలు. 1807లో అది అచ్చయింది. ఇవాళ మనం ఇన్ఫోగ్రాఫిక్ అంటామే, దానికి తాత లాంటిది అనుకోండి.

అప్పటిదాకా శాస్త్రవేత్తలు ఎక్కువగా అడిగిన ప్రశ్న "ఈ మొక్క పేరేంటి?" అని. హంబోల్ట్ అడిగింది "ఈ మొక్క ఇక్కడే ఎందుకుంది? వంద మీటర్లు పైన ఎందుకు లేదు?" అని. ఈ "ఇక్కడే ఎందుకు" అన్న ప్రశ్నని గుర్తుపెట్టుకోండి. దీవుల్లో మళ్ళీ మనకి పనికొస్తుంది.

మోంతూఫార్ గురించి కూడా ఒక మాట చెప్పాలి. హంబోల్ట్ యూరప్ వెళ్ళి ప్రపంచ ప్రసిద్ధుడయ్యాడు. ఆ కొండ ఎక్కిన క్విటో కుర్రాడు మాత్రం తన దేశ స్వాతంత్ర్య పోరాటంలో చేరాడు. 1816లో స్పెయిన్ సైన్యం అతన్ని కాల్చి చంపింది. ఆయన పేరు చాలా ట్రావెల్ పేజీల్లో కనిపించదు.

హంబోల్ట్ ఎప్పుడూ గాలాపాగోస్ వెళ్ళలేదు. కానీ 1802లో పెరూ తీరంలో సముద్రపు నీళ్ళ ఉష్ణోగ్రత కొలిచి, భూమధ్యరేఖకి దగ్గరలో ఉన్నా నీళ్ళు చల్లగా ఉన్నాయని రాశాడు. తీరం జాలర్లకి అది ఎప్పటినుంచో తెలుసు. ఆ చల్లటి ప్రవాహాన్నే ఇప్పుడు హంబోల్ట్ ప్రవాహం అంటున్నాం. అది ఆండీస్ తీరం వెంబడి పైకి వచ్చి గాలాపాగోస్ వైపు తిరుగుతుంది. దానికి తోడు పడమటి నుంచి సముద్రం పైపొర కింద ఇంకో చల్లటి ప్రవాహం వస్తుంది. అందుకే భూమధ్యరేఖ మీద పెంగ్విన్లు బతుకుతున్నాయి. చలి దేశాల పక్షి ఉష్ణమండలంలో ఎలా ఉందిరా బాబూ అంటే, జవాబు ఈ నీళ్ళలో ఉంది.

ఇప్పుడు మన రెండో హీరో. 1831 డిసెంబర్ 27న బీగిల్ అనే ఓడ ఇంగ్లండ్ నుంచి బయల్దేరింది. అందులో 22 ఏళ్ల చార్లెస్ డార్విన్ ఉన్నాడు. మీలో చాలామంది వయసే. సామాన్లలో హంబోల్ట్ రాసిన యాత్రా గ్రంథం ఉంది. దాన్ని ఊరికే మోసుకెళ్ళలేదు, మళ్ళీ మళ్ళీ చదివాడు.

చాలామంది డార్విన్ అనగానే డైరెక్టుగా గాలాపాగోస్ తాబేళ్లు, పిట్టలు అంటారు. అంతకుముందు ఆయన ఆండీస్ దాటాడన్న సంగతి మర్చిపోతారు. 1835 ఫిబ్రవరి 20న చిలీలో పెద్ద భూకంపం వచ్చింది. అప్పుడు డార్విన్ అక్కడే ఉన్నాడు. తర్వాత తీరం చూస్తే, సముద్రంలో ఉండాల్సిన ఆల్చిప్పలు నీటి మట్టానికి పైన చచ్చిపడి ఉన్నాయి. శాంటా మరియా అనే దీవి దగ్గర నేల 8 నుంచి 10 అడుగులు పైకి లేచిందని ఓడ కెప్టెన్ ఫిట్జ్‌రాయ్ కొలిచాడు. కొండ ఎలా పెరుగుతుందో కళ్ళముందే కనిపించింది.

వచ్చే నెలలోనే కంచర గాడిదల మీద ఆండీస్ ఎక్కాడు. ఊపిరి ఆడని ఎత్తులో రాళ్ళలో సముద్రపు గవ్వల శిలాజాలు కనిపించాయి. వాటిని చూసిన ఆనందంలో ఎత్తు వల్ల వచ్చే ఆయాసమే మర్చిపోయానని రాసుకున్నాడు. ఇంకో కనుమలో రాయిగా మారిపోయిన చెట్లు నిలబడి ఉన్నాయి. అంటే ఆ నేల ఒకప్పుడు అడవి, తర్వాత సముద్రం అడుగు, ఇప్పుడు కొండ. ఎన్ని వేల తరాలు పట్టి ఉంటుంది? ఆలోచించండి. భూమికి చాలా చాలా టైమ్ ఉంది, చిన్న చిన్న మార్పులు కలిసి పర్వతం అవుతాయి అనే పాఠం డార్విన్‌కి ఆండీస్ నేర్పింది.

ఆ తర్వాత ఆరు నెలలు తిరక్కుండానే, 1835 సెప్టెంబర్ 15న బీగిల్ గాలాపాగోస్ చేరింది. ముందు కొండలు, తర్వాత దీవులు. ఇవాళ్టి ప్యాకేజీ వరసే కదా! ఐదు వారాలు ఉన్నాడు, నాలుగు దీవుల్లో దిగాడు. అక్కడి నేల చూస్తే చల్లారిన లావా, ఆండీస్‌తో పోలిస్తే నిన్న మొన్న పుట్టినట్టుంది. మరి ఈ జీవులు ఎక్కడివి? చూస్తే దక్షిణ అమెరికా జీవుల పోలిక, కానీ అవే కావు. పైగా దీవికీ దీవికీ తేడా.

అప్పటికి ఆ దీవులు ఈక్వెడార్‌వి. 1832లో దేశం వాటిని కలుపుకుని ఒక దీవిలో చిన్న వలస పెట్టింది. అక్కడి అధికారి నికోలస్ లాసన్ మాటల్లో ఒక సంగతి చెప్పాడు. తాబేలుని చూస్తే అది ఏ దీవిదో తాను చెప్పేయగలనని. డార్విన్ మొదట దాన్ని అంత పట్టించుకోలేదు, తర్వాత తానే ఆ సంగతి రాశాడు. ఓడవాళ్ళు డజన్ల కొద్దీ తాబేళ్లని ఎక్కించుకుని వండుకు తిన్నారు, డిప్పలు సముద్రంలో పారేశారు. ఫించ్ పిట్టల్ని కూడా ఏ దీవిలో పట్టాడో సరిగ్గా లేబుల్ రాయలేదు. మాకింగ్‌బర్డ్‌ల విషయంలో మాత్రం జాగ్రత్తపడ్డాడు. 1837లో లండన్‌లో పక్షి నిపుణుడు జాన్ గూల్డ్ ఆ పిట్టలన్నీ దగ్గరి బంధువులైన వేర్వేరు జాతులని తేల్చాక బల్బు వెలిగింది. చింబొరాజో మీద హంబోల్ట్ అడిగిన "ఇక్కడే ఎందుకు" అన్న ప్రశ్నకి డార్విన్ "ఎప్పటినుంచి, ఎలా మారుతూ" అన్న ప్రశ్న జోడించాడు. 1859లో జాతుల పుట్టుక మీద పుస్తకం వచ్చింది.

ఇంకో విశేషం. ఆ దీవుల్లో కూడా కొండ ఉంది. శాంటా క్రూజ్ దీవి తీరంలో ఎండిపోయిన నేల, జెముడు చెట్లు. పైకెళ్తే మంచు తుంపర, పచ్చటి అడవి, ఇంకా పైన పొదలు. చింబొరాజో బొమ్మకి బుల్లి జెరాక్స్ లాగా ఉంటుంది. అక్కడి పెద్ద తాబేళ్లు సీజన్‌ని బట్టి కొండ ఎక్కి దిగుతుంటాయి. తడి ఉన్న చోట, కింద గడ్డి దొరికే చోట తాబేళ్ల డిప్ప గుండ్రంగా ఉంటుంది. ఎండు దీవుల్లో మెడ చాచి జెముడు మట్టలు అందుకోవాలి, అక్కడ జీను ఆకారం. డిప్ప ఆకారంలోనే ఆ నేల సంగతి తెలిసిపోతుందన్నమాట.

ఇంతవరకూ గొప్ప గొప్ప శాస్త్రవేత్తల కథ. ఇప్పుడు మామూలు గైడ్ పుస్తకాలు త్వరగా దాటేసే భాగంలోకి వద్దాం.

1790ల నుంచి తిమింగలాల వేట ఓడలు ఇక్కడికి రావడం మొదలైంది. తాబేలుకి ఒక శాపం ఉంది. అది తిండీ నీళ్ళూ లేకుండా నెలల తరబడి, ఒక్కోసారి ఏడాది దాకా బతుకుతుంది. ఫ్రిజ్ లేని రోజుల్లో ఓడవాళ్ళకి ఇంతకంటే ఏం కావాలి? ఓడ అడుగున పేర్చేసి, కావాల్సినప్పుడు కోసుకునేవాళ్ళు. అలా పోయిన తాబేళ్లు లక్షకు పైనే అని అంచనా. 1820లో ఎసెక్స్ అనే వేట ఓడ నావికుడొకడు సరదాకి ఫ్లోరియానా దీవిలో నిప్పు పెట్టాడు. దీవి కాలిపోయింది. కొన్ని వారాలకే అదే ఓడని ఒక తిమింగలం ఢీకొట్టి ముంచేసింది. మెల్విల్ రాసిన "మోబీ డిక్" నవలకి ఆ సంఘటనే ఒక ప్రేరణ.

మనుషుల కథ ఇంకా చేదు. దేశం ఆ దీవుల్ని ముందు నుంచీ ఎవరికీ అక్కర్లేని వాళ్ళని పంపే చోటుగానే చూసింది. శిక్ష పడ్డ సైనికులు, ఖైదీలు, అప్పులపాలైన కూలీలు. 19వ శతాబ్దం చివర్లో శాన్ క్రిస్టోబాల్ దీవి కొండ మీద మాన్యుయెల్ కోబోస్ అనే ఆసామి చెరకు తోట, పంచదార మిల్లు పెట్టాడు. ఊరి పేరు ఎల్ ప్రోగ్రెసో, అంటే "ప్రగతి"! కూలీకి అసలు డబ్బులివ్వడు, తన సొంత నాణేలు ఇస్తాడు. అవి ఆయన కొట్లోనే చెల్లుతాయి. ఎదురు తిరిగితే కొరడా దెబ్బలు, లేదా మనిషి లేని దీవిలో వదిలేయడం. తెలంగాణ పల్లెల్లో తాతల్ని అడిగితే వెట్టి గురించి చెప్తారు కదా, ఇది సముద్రం మధ్యలో వెట్టి. పారిపోవడానికి పక్క ఊరు కూడా లేదు. 1904 జనవరిలో కూలీలు తిరగబడి కోబోస్‌ని చంపేశారు.

ఇదే కాలంలో మెయిన్‌ల్యాండ్ మీద కొండనీ తీరాన్నీ కలిపే పని నడుస్తోంది. వానాకాలంలో క్విటో నుంచి గయాకిల్ రేవుకి రావాలంటే నరకం. అధ్యక్షుడు ఎలోయ్ అల్ఫారో పట్టుబట్టి సుమారు 450 కిలోమీటర్ల రైలు మార్గం పూర్తి చేయించాడు. "దెయ్యం ముక్కు" అనే నిట్టనిలువు కొండ దగ్గర రైలు ముందుకీ వెనక్కీ జిగ్‌జాగ్‌గా నడుస్తూ ఎక్కేలా దారి వేశారు. ఆ పనికి జమైకా నుంచి వేలమంది కూలీలని తెచ్చారు, చాలామంది తిరిగి వెళ్ళలేదు. 1908లో మొదటి రైలు క్విటో చేరింది. నాలుగేళ్లకి, 1912 జనవరిలో, రాజకీయ గొడవల్లో అల్ఫారోని బందీగా అదే రైల్లో క్విటోకి తీసుకొచ్చారు. గుంపు జైల్లోకి చొరబడి ఆయన్ని చంపేసింది.

దీవుల్లో ఖైదీల కథ అంతటితో ఆగలేదు. 1946 నుంచి 1959 దాకా ఇసబెలా దీవిలో జైలు శిబిరం నడిచింది. ఖైదీలతో లావా రాళ్ళు మోయించి ఒక గోడ కట్టించారు. సుమారు 100 మీటర్ల పొడవు. దేనికి అంటే దేనికీ కాదు. అది ఏదీ కాపాడదు, దేన్నీ ఆపదు. శిక్షకి మాత్రమే కట్టించిన గోడ. ఇవాళ దాని పేరు "కన్నీళ్ల గోడ". టూరిస్టులు సైకిళ్ల మీద వెళ్ళి సెల్ఫీలు దిగుతుంటారు. దిగండి, తప్పులేదు. దిగేముందు ఒక్క రాయి బరువెంతుంటుందో మాత్రం ఊహించుకోండి.

1959 అన్నాను కదా. ఆ ఏడాదే దీవులు నేషనల్ పార్క్ అయ్యాయి. డార్విన్ పుస్తకానికి సరిగ్గా వందేళ్లు. ఒక చేత్తో జైలు మూత, ఇంకో చేత్తో పార్క్ ఓపెనింగ్. అదే ఏడాది పింటా దీవిలో జాలర్లు మూడంటే మూడు మేకల్ని వదిలారు. పదేళ్లు దాటేసరికి అవి వేల సంఖ్యలో పెరిగి దీవిని బోడి చేసేశాయి. ఆ దీవి తాబేళ్లలో మిగిలింది ఒక్కటే. 1971లో దొరికిన ఆ మగ తాబేలే "లోన్సమ్ జార్జ్", అంటే ఒంటరి జార్జ్. జత కోసం ప్రపంచమంతా వెతికారు, దొరకలేదు. 2012 జూన్ 24న చనిపోయింది. ఒక జాతి చరిత్ర ఆ రోజుతో అయిపోయింది.

దాని దేహాన్ని న్యూయార్క్‌లో భద్రపరిచాక ఎక్కడ పెట్టాలన్న గొడవ వచ్చింది. క్విటోలో పెట్టాలని ప్రభుత్వం, కాదు మా దీవికే తేవాలని దీవి జనం. కొండకీ దీవికీ మధ్య పాత పంచాయితీ మళ్ళీ! 2017లో జార్జ్ దీవికే తిరిగొచ్చింది.

మంచి కబురు కూడా ఉంది. ఎస్పానియోలా దీవి తాబేళ్లు ఒకప్పుడు 14 మాత్రమే మిగిలాయి. అమెరికా జూ నుంచి డియెగో అనే మగ తాబేలుని తెచ్చి కలిపారు. దశాబ్దాల పాటు పిల్లల్ని పెంచి దీవిలో వదిలారు. 2020 నాటికి రెండు వేల దాకా పెరిగాయి. 2020లో డియెగోని కూడా రిటైర్ చేసి సొంత దీవికి పంపించారు. తాబేలు అంటే మనకి దూరం కాదు లెండి. 2024 మార్చిలో హైదరాబాద్ నెహ్రూ జూ పార్కులో 125 ఏళ్ల గాలాపాగోస్ తాబేలు చనిపోయిందని వార్తల్లో వచ్చింది. స్కూల్ టూర్‌లో మీలో కొందరు దాన్ని చూసే ఉంటారు.

ఇక ఇవాళ్టి సంగతి. 1960ల చివర్లో క్రూజ్ టూరిజం మొదలయ్యాక డబ్బు వచ్చింది. డబ్బు ఉన్నచోటికి పని వెతుక్కుంటూ మనుషులొస్తారు. ఆండీస్ నడుమ తుంగురావా ప్రాంతంలో సలసాకా అనే ఆదివాసీ సముదాయం ఉంది. చేనేతకి పేరున్న వాళ్ళు. కొన్ని దశాబ్దాలుగా వాళ్ళలో చాలామంది శాంటా క్రూజ్ దీవికి వచ్చి మేస్త్రీ పనులు, కూలి పనులు చేస్తున్నారు. టూరిస్టు పడుకునే హోటల్ గోడ వెనక ఆ చేతులున్నాయి.

కానీ దీవి తట్టుకోలేదని 1998లో ప్రత్యేక చట్టం వచ్చింది. ఈక్వెడార్ పౌరుడైనా సరే, మెయిన్‌ల్యాండ్ మనిషి గాలాపాగోస్‌లో ఇష్టం వచ్చినట్టు స్థిరపడకూడదు. అనుమతి లేకుండా దొరికితే విమానం ఎక్కించి వెనక్కి పంపేస్తారు. సొంత దేశంలోనే వీసా లాంటిదన్నమాట! వీసా టెన్షన్ అంటే ఏంటో మన తెలుగిళ్ళలో ఎవరికీ చెప్పక్కర్లేదు కదా.

ఇక్కడ ఈజీ జవాబు లేదు. చట్టం లేకపోతే తాబేళ్లు ఉండవు, నీళ్ళు చాలవు, ఇది నిజం. మరోవైపు, ఒకప్పుడు అదే దేశం పేదవాణ్ణి సంకెళ్లేసి ఆ దీవికి పంపింది. ఇప్పుడు వాడు పని కోసం తనంతట తాను వస్తే వెనక్కి పంపుతోంది. అదే సమయంలో 2023లో వచ్చిన టూరిస్టులు 3 లక్షలు దాటారు. దీవుల్లో ఉండే జనం సుమారు 30 వేలు. అందుకే 2024 ఆగస్టు నుంచి విదేశీ టూరిస్టుకి పార్క్ ఎంట్రీ ఫీజు 100 డాలర్ల నుంచి 200 డాలర్లకి పెంచారు. జంతువుకి 2 మీటర్ల దూరం పాటించాలి, 16 మందికి ఒక గైడ్ ఉండాలి, షిప్పులో 100 మందికి మించకూడదు, ఏ షిప్పు ఎక్కడ ఆగాలో పార్కే చెప్తుంది. ఈ రూల్స్ వల్లే ఆ పక్షులు బిషప్ బెర్లాంగా చూసినట్టే ఇప్పటికీ మనిషికి భయపడవు.

కొండ మీద కూడా కాలం ఆగలేదు. చింబొరాజో మంచు తవ్వి, గాడిదల మీద వేసుకుని రియోబాంబా సంతలో అమ్మే వృత్తి తరతరాలుగా ఉండేది. చివరి మంచు వర్తకుడిగా పేరుపడ్డ బల్తజార్ ఉష్కా 2024లో చనిపోయారు. ఆ మంచు కూడా ఏటా వెనక్కి తగ్గుతోంది. హంబోల్ట్ బొమ్మలో ఒక ఎత్తులో రాసి ఉన్న మొక్కలు ఇప్పుడు అంతకంటే పైకి పాకాయని, మళ్ళీ అదే కొండ ఎక్కి చూసిన శాస్త్రవేత్తలు చెప్పారు. రెండొందల ఏళ్ల కిందటి ఆ కొలత ఉంది కాబట్టే ఈ తేడా తెలిసింది.

సో ఫ్రెండ్స్, విషయం ఇదీ. ఆ టూర్‌లో కొండ భాగాన్ని కొందరు టైమ్ లేదని కట్ చేసి నేరుగా దీవికి ఎగిరిపోతారు. అలా వెళ్తే తాబేలు కనిపిస్తుంది. అది అక్కడే ఎందుకుందో, దాని పక్కన గోడ ఎవరు కట్టారో, హోటల్లో ఇటుక మోసిన మనిషి ఎక్కడివాడో కనిపించదు. టికెట్ కొన్నా, ఫోన్లో చూసినా, ఈసారి ఆ రీల్ వచ్చినప్పుడు రెండు ప్రశ్నలు వేసుకోండి. ఇది ఇక్కడే ఎందుకుంది? దీనికి మూల్యం ఎవరు చెల్లించారు? అరకు వెళ్ళినా, పులికాట్ వెళ్ళినా ఇవే ప్రశ్నలు పనికొస్తాయి.

మీ ఊరి దగ్గర కొండ ఎక్కేటప్పుడు చెట్లు ఎక్కడ మారతాయో గమనిస్తే కామెంట్‌లో రాయండి. తర్వాతి ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను, నమస్తే.